పర్షియన్ పిల్లి ముఖం మీద నల్లటి జిడ్డు, ఎంత తుడిచినా పోవడం లేదు, తిరుపతిలో ఎవరికైనా ఇలా జరిగిందా?

దూది_అమ్మ:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా ఇంట్లో రెండేళ్ల పర్షియన్ ఉంది, ఆడది, తెల్లది, పేరు దూది. మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు చెన్నై నుంచి తెచ్చుకున్నాం. పోయిన దసరా సెలవుల్లో మొదటిసారి గమనించాను, ముక్కు పక్క మడతలో కాటుక చెరిగినట్టు నల్లగా ఉంది. పర్షియన్లకు కళ్ల నీళ్లు కారడం మామూలే కదా అని గోరువెచ్చటి నీళ్లతో తుడిచేసేదాన్ని. ఆ పూటకి పోయేది, మర్నాడు మళ్లీ అక్కడే ఉండేది. సంక్రాంతికల్లా రెండు కళ్ల కిందా, నోటి చుట్టూ, గడ్డం మీదా వచ్చేసింది. మురికి కాదది, నల్లటి మైనంలాగా వెంట్రుకల మొదళ్లకు పట్టేసి ఉంటుంది, గట్టిగా తీస్తే వెంట్రుకలు కూడా ఊడి వస్తాయి, కింద చర్మం ఎర్రగా, తడితడిగా కనిపిస్తుంది. రెండు చెవుల్లోనూ అలాంటి గులిమే.

మొదట్లో దురద ఉండేది కాదు. ఇప్పుడు రెండు నెలలుగా అదే పని, వెనక కాళ్లతో గోక్కుని గోక్కుని ఎడమ కన్ను కింద పుండు చేసుకుంది, రసి కారుతోంది, దగ్గరికి వెళ్తే వాసన కూడా వస్తోంది. రాత్రి రెండు గంటలప్పుడు మంచం కాళ్లకేసి ముఖం రుద్దుకుంటుంటే ఆ చప్పుడుకి లేచి కూర్చుంటున్నాను.

చేసినవన్నీ చెప్తాను, తప్పులుంటే తప్పని చెప్పండి. అమ్మినతన్ని అడిగితే "అది బ్రీడే అంత, వైప్స్‌తో తుడవండి" అన్నాడు. మా వీధి మందుల షాపులో మనుషులకిచ్చే తామర క్రీమ్ ఇచ్చారు, పది రోజులు రాశాను, మొదటి నాలుగు రోజులు ఎరుపు తగ్గి తర్వాత ఇంకా వెడల్పయింది. తర్వాత ఒక చోట చూపిస్తే ముఖం చూసి ఎలర్జీ అని ఇంజెక్షన్ వేశారు, ఏ టెస్టూ చేయలేదు. మూడు వారాలు బంగారంలా ఉంది, అందరం సంతోషపడ్డాం. నాలుగో వారంలో ముందుకన్నా ఎక్కువగా తిరగబెట్టింది. ఇప్పుడు మళ్లీ ఇంజెక్షన్‌కి రమ్మంటున్నారు. ఎన్నిసార్లు వేయించాలి అంటే "వచ్చినప్పుడల్లా" అన్నారు, అక్కడే నాకు భయం పట్టుకుంది.

మా అత్తమ్మకి ఇది గజ్జి అని అనుమానం. పాపకి ఏడేళ్లు, దూదిని పక్కన వేసుకునే పడుకుంటుంది. పాపకైతే ఇప్పటిదాకా ఏమీ రాలేదు. పక్కింటావిడ నిన్న అలిపిరి దగ్గర వదిలేసి రమ్మని సలహా ఇచ్చింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. గిన్నెలో పెడితే తప్ప తినడం తెలియని ప్రాణి అది. పైగా అమ్మినతను మగపిల్లి ఉంది, క్రాసింగ్ చేయిస్తే సగం పిల్లలు మీకే అని ఒకటే ఫోన్లు.

నా ప్రశ్న ఏమిటంటే, ఇది అసలు ఏం జబ్బు, మా పాపకి అంటుకుంటుందా, ఆ ఇంజెక్షన్ మళ్లీ వేయించాలా వద్దా? ఎంత ఖర్చయినా చూపిస్తాను, కానీ ఈసారి తెలుసుకుని వెళ్లాలనుకుంటున్నాను.

కొర్లగుంట_పెద్దమ్మ:

అమ్మాయ్, కంగారుపడకు. మా ఇంట్లో పిల్లులకి ఇలాంటివి వస్తే కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రాసేవాళ్లం. లేదంటే వేపాకు, పసుపు నూరి పట్టించు, రెండు రోజులకొకసారి నీళ్లలో కాస్త డెట్టాల్ వేసి ముఖం కడుగు. తగ్గుతుంది.

మురకంబట్టు_చిత్తూరు:

పెద్దమ్మా, మీరు మంచికే చెప్పారు కానీ అక్కా, దయచేసి కర్పూరం, డెట్టాల్ రెండూ దూదికి దగ్గరికి కూడా రానివ్వకండి. పిల్లి ఒంటి మీద ఏది పడినా నాకి లోపలికి తీసుకుంటుంది. కర్పూరం లోపలికి వెళ్తే ఫిట్స్ వస్తాయి. డెట్టాల్ లాంటి ఫినాయిల్ జాతి మందుల్ని విరిచేసుకునే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. టీ ట్రీ ఆయిల్ కూడా అంతే. ఇంకొకటి, ఎవరైనా పురుగులేమో అని కుక్కల మెడ మీద వేసే చుక్కల మందు ఇస్తే తీసుకోకండి, వాటిలో చాలావాటిలో పర్మెత్రిన్ ఉంటుంది, కుక్కకి ఏమీ కాని ఆ మందు పిల్లి ప్రాణం తీస్తుంది.

ఇక మా కథ. చిత్తూరులో మాకూ ఒక పర్షియన్ ఉండేది, బూడిద రంగుది. దానికి ముఖం మీద, ముందు కాళ్ల మీద అక్కడక్కడ బొచ్చు ఊడి పొట్టు లేచింది. మేం కూడా మీరు రాసినట్టు షాపు క్రీమే రాశాం. ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో చదివితే ఫంగస్ మందు, యాంటీబయాటిక్, దాంతోపాటు గట్టి స్టెరాయిడ్ కూడా ఉంది. స్టెరాయిడ్ వల్ల ఎరుపు తగ్గి తగ్గినట్టు కనిపిస్తుంది, కింద ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. మూడు వారాలకి మా చెల్లెలి చేతి మీద రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ, తర్వాత మా అమ్మ మెడ మీద. అప్పుడు వేలూరు వెళ్లి చూపిస్తే వెంట్రుకలు పీకి కల్చర్‌కి (ల్యాబులో ఫంగస్ పెరుగుతుందేమో చూడ్డానికి) పంపారు, తామర అని తేలింది. ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు ఒక వారం ఇచ్చి ఒక వారం ఆపి, అలా మూడు విడతలు, దాంతోపాటు సున్నం గంధకం ద్రావణంతో వారానికి రెండు స్నానాలు. ఆ వాసన ఇల్లంతా కుళ్లిన కోడిగుడ్డు వాసనే, కానీ పనిచేసింది. పరుపులు, దుప్పట్లు, దువ్వెన అన్నీ ఉతికి ఎండలో వేశాం, దాని బొచ్చు ఎక్కడ పడ్డా వ్యాక్యూమ్ చేశాం, ఎందుకంటే ఆ ఫంగస్ బీజాలు పొడి చోట ఏడాదికి పైగా బతికి ఉంటాయట. రెండు నెలల్లో పిల్లికీ మనుషులకీ పూర్తిగా పోయింది, మళ్లీ రాలేదు.

మీది కూడా తామరే అనడం లేదు, మీరు చెప్పిన నల్లటి మైనం మా దానికి లేదు. కానీ తామర కాదని తేలేవరకు పాపని పక్కన పడుకోబెట్టకండి, ఆ ఇంజెక్షన్ మాత్రం వేయించకండి.

పశువైద్యం_పీలేరు:

నేను పశువైద్యుణ్ణి, ప్రాక్టీసు ఎక్కువగా ఆవులు, గొర్రెలే, కానీ తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివేటప్పుడు పిల్లుల చర్మం కేసులు చాలా చూశాను, ఆ ఆసక్తి ఇప్పటికీ ఉంది. చూడకుండా ఇది ఫలానా జబ్బని చెప్పడం సరికాదు. అయినా అమ్మా, మీరు రాసిన తీరు చాలా స్పష్టంగా ఉంది కాబట్టి ఏ వరసలో చూడాలో చెప్తాను. ఈ జబ్బుల్లో వరస తప్పితేనే సగం నష్టం.

అన్నిటికన్నా ముందు ఫంగస్, అంటే తామర. పైన తమ్ముడు చెప్పింది నిజం. పర్షియన్ల పొడవాటి బొచ్చులో మైక్రోస్పోరం కేనిస్ అనే ఫంగస్ సులభంగా దాక్కుంటుంది, పొట్టి బొచ్చు పిల్లి నాక్కుని తీసేసుకున్నంతగా ఇవి తీసేసుకోలేవు. చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వేసి చూస్తారు, ఫంగస్ పట్టిన వెంట్రుక మొదలు పచ్చి యాపిల్ రంగులో వెలుగుతుంది. పొలుసు, జిడ్డు, మీరు రాసిన క్రీమ్ కూడా వేరే రంగుల్లో వెలుగుతాయి, వాటిని చూసి తామర అనుకోకూడదు. వెలగలేదు కాబట్టి లేదు అనడానికీ లేదు, అన్ని రకాలూ వెలగవు. అందుకే వెంట్రుకలు కల్చర్‌కి పంపాలి, రెండు మూడు వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.

రెండోది పురుగులు. మీ అత్తమ్మగారు గజ్జి అంటున్నారు కదా, ఆ అనుమానం కొట్టిపారేసేది కాదు. పిల్లి గజ్జి పురుగు చెవి అంచుల నుంచి మొదలుపెట్టి ముఖం మీదకి దిగుతుంది, మనుషులకీ కొన్నాళ్లు దురద తెప్పిస్తుంది. చెవిలో వేరే పురుగు ఉంటే కాఫీ పొడిలాంటి గులిమి వస్తుంది. చర్మం గీకి, చెవి గులిమి తీసి మైక్రోస్కోపులో చూస్తే అక్కడికక్కడే తెలుస్తుంది. ఫ్లీస్ అనే రక్తం తాగే చిన్న పురుగులు ఉన్నాయేమో ఇంట్లోనే చూడొచ్చు, సన్న పళ్ల దువ్వెనతో నడుము మీద దువ్వి ఆ నల్లటి నలుసుల్ని తడి తెల్లకాగితం మీద వేయండి, ఎర్రగా కరిగితే అది ఫ్లీస్ తిని వదిలిన రక్తం.

ఇవన్నీ లేవని తేలితే అప్పుడు పర్షియన్లకే ప్రత్యేకంగా వచ్చే ముఖ చర్మ వ్యాధి గురించి ఆలోచించాలి. మీ వర్ణన చదువుతుంటే నా మనసు అటే పోతోంది. 2000లో 13 పర్షియన్ పిల్లుల్ని పరిశీలించి దీన్ని మొదటిసారి విడిగా వర్ణించారు. పది నెలల నుంచి ఆరేళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవుతుంది, ఎక్కువగా చిన్న వయసులోనే. కళ్ల చుట్టూ, నోటి చుట్టూ, గడ్డం మీద నల్లటి మైనం లాంటి పదార్థం వెంట్రుకలకు పట్టుకుంటుంది, మొదట దురద ఉండదు, జబ్బు ముదిరాక వస్తుంది, చెవుల్లో కూడా నల్లటి గులిమి చేరుతుంది. హిమాలయన్ పిల్లుల్లోనూ చూస్తాం, అవి పర్షియన్ రక్తమే కదా. వంశంలో వస్తుందనే మా వాళ్ల అనుమానం. కాబట్టి క్రాసింగ్ మాట ఇక్కడితో వదిలేయండి. పిల్లలకీ ఇదే బాధ పంచిపెట్టినట్టవుతుంది. ముఖం కుదురుకున్నాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి.

ఇప్పుడు అసలు విషయం. ఆ మైనంలో మలాసీజియా అనే ఈస్టు (తామరది కాని వేరే ఫంగస్), బ్యాక్టీరియా గూడు కట్టుకుని కూర్చుంటాయి. మీరు చెప్పిన వాసన, రసి, ఇప్పటి దురదలో పెద్ద భాగం వాటివల్లే అయ్యుండొచ్చు. గాజు పలక మీద అద్ది రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే పది నిమిషాల్లో కనిపిస్తాయి. మీకు వేసింది బహుశా నెలరోజులు పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్. వాపు అణిచింది, కింద ఉన్న ఇన్ఫెక్షన్‌ని పట్టించుకోలేదు, మందు అయిపోగానే అది రెట్టింపుగా లేచింది. వచ్చినప్పుడల్లా వేయిస్తూ పోతే పిల్లులకి షుగర్ వస్తుంది, చర్మం పలచబడి చిన్న గోరు తగిలినా చిరుగుతుంది. స్టెరాయిడ్ చెడ్డదని కాదు నేననేది, కారణం చూడకుండా ఇవ్వడం గురించి మాట్లాడుతున్నాను. ఇన్ఫెక్షన్లు తీసేశాక రోజూ నోటితో ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ అయితే మోతాదు మన చేతిలో ఉంటుంది, తగ్గించుకుంటూ రావచ్చు. ఆ ఇంజెక్షన్ వేసిన తేదీ మాత్రం కొత్త డాక్టరుకి తప్పకుండా చెప్పండి, దాని ప్రభావం ఉండగా కొన్ని పరీక్షలు తప్పుదారి పట్టిస్తాయి, ముఖ్యంగా చర్మం ముక్క తీసి చేసే బయాప్సీ.

పాప సంగతి. పర్షియన్ ముఖ వ్యాధి అయితే మనుషులకి గానీ వేరే పిల్లులకి గానీ అంటదు. తామర ఫంగస్, గజ్జి అంటుతాయి. అందుకే కల్చర్ రిపోర్టు వచ్చేదాకా జాగ్రత్త, ఆ తర్వాత మీ ఇష్టం.

మెడకి కోన్ (గోక్కోకుండా తల చుట్టూ పెట్టే గరాటు లాంటిది) తొడగండి, ఈ రోజే. గోళ్లు కత్తిరించండి. మైనాన్ని పెరక్కండి, సెలైన్ నీళ్లతో తడిపిన గాజ్ గుడ్డ (పుండ్లకి కట్టే పలచటి గుడ్డ) రెండు నిమిషాలు ఆనించి ఉంచితే మెత్తబడుతుంది, అప్పుడు వచ్చినంత తీసి పొడి గుడ్డతో అద్దండి. వెళ్లే రోజు మాత్రం తుడవకుండా తీసుకెళ్లండి, చూసేవాళ్లకి ఆ జిడ్డే కావాలి.

దూది_అమ్మ:

డాక్టర్ గారూ, చిత్తూరు తమ్ముడూ, మీ ఇద్దరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. కోన్ తెచ్చాను. రాత్రంతా గోడలకి గుద్దుకుంది పాపం, కానీ గోకలేకపోయింది. రేపు పొద్దున్నే వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను.

మూడు_పిల్లులు_రేణిగుంట:

అక్కా, నేను నాలుగేళ్లుగా ఇదే జబ్బుతో ఉన్న పర్షియన్‌ని పెంచుతున్నాను, డాక్టర్ గారు చెప్పని ఇంటి విషయాలు కొన్ని చెప్తాను. ముందుగా ఒక మాట, ఇది పూర్తిగా నయమవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మా దానికి నయం కాలేదు. కానీ అది తింటుంది, ఆడుతుంది, కిటికీలో కూర్చుని పావురాల్ని చూస్తుంది, రాత్రి నిద్రపోతుంది. నాకు కావలసింది అంతే అని తెలుసుకోవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా డాక్టర్లని మారుస్తూనే ఉన్నాను. ఒక్కొక్కరి దగ్గరా మళ్లీ మొదటి నుంచీ మొదలు, దానివల్ల బాధపడింది పిల్లే.

మాకు సైక్లోస్పోరిన్ అనే, రోగనిరోధక శక్తిని అణిచే మందు రాశారు. మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేశారు, కిడ్నీలు, లివరు, పిల్లులకొచ్చే రెండు వైరస్‌లు కూడా. పర్షియన్లకి కిడ్నీల్లో నీటితిత్తులు పుట్టుకతోనే రావడం ఎక్కువ కాబట్టి స్కాన్ కూడా చేయించమన్నారు, మా దానికి అదృష్టవశాత్తూ లేవు. మందు వెంటనే పనిచేయదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం వాంతులు చేసుకుంది, మందు తిండితో కలిపి ఇస్తే సర్దుకుంది. రెండు నెలలకి సగానికి పైగా తగ్గింది, అప్పుడు రోజు విడిచి రోజు చేశారు, ఇప్పుడు వారానికి రెండుసార్లు. ఖర్చు మాత్రం ఎక్కువే, దాచిపెట్టడం దేనికి. ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఈ మందు మీద ఉన్న పిల్లికి పచ్చి మాంసం పెట్టకూడదు, బయట వేటకి వదలకూడదు. ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి లాంటివి సోకితే ప్రాణం మీదకి వస్తుంది. మేం చికెన్ అంగడి నుంచి తెచ్చిన ముక్కలు పచ్చివే వేసేవాళ్లం, మానేశాం, అన్నీ ఉడికించే.

దానికి ముందు, తిండి పడకపోవడం వల్లేమోనని తిండి పరీక్ష చేయించారు, ఎనిమిది వారాలు అది ఎన్నడూ తినని ఒకే రకం మాంసం మాత్రమే. మాకు కుందేలు మాంసం దొరికింది. ఆ ఎనిమిది వారాల్లో ఒక్క బిస్కెట్ ముక్క వేరేది తిన్నా లెక్క మొదటికొస్తుంది. మా నాన్న చాటుగా పెరుగన్నం పెడుతూ దొరికిపోయారు, మళ్లీ మొదలుపెట్టాం. చివరికి తిండి కారణం కాదని తేలింది, అయినా చేసినందుకు నాకు బాధ లేదు, ఆ ప్రశ్న ఇంక మిగల్లేదు కదా. అక్కా, మీ ఇంట్లో మాంసం వండకపోతే దానికి విడిగా ఏర్పాటు చేయండి, పిల్లి పాలు పెరుగన్నాలతో బతికే జంతువు కాదు, వాటికి టారిన్ అనే పోషకం మాంసం నుంచే రావాలి.

వాతావరణం. నా అనుభవంలో మన దగ్గర ఎండాకాలం కన్నా నవంబరు ముసుర్లే చెడ్డవి. తుపాను పట్టి వారం రోజులు ఎండ లేకపోతే ముఖం మడతల్లో తడి ఆరదు, ఈస్టు తిరగబెడుతుంది. ఆ రోజుల్లో రోజుకి రెండుసార్లు తుడుస్తాను, తుడిచాక పొడి చేయడం మర్చిపోను. నీళ్ల గిన్నె లోతు లేని వెడల్పు పళ్లెం పెట్టండి, లోతు గిన్నెలో తాగితే గడ్డమంతా నానుతుంది. ప్లాస్టిక్ గిన్నెలు తీసేసి స్టీలువి పెట్టండి. కళ్ల కింద బొచ్చు కొద్దిగా కత్తిరించి పెట్టుకుంటే గాలి ఆడుతుంది, అది మాత్రం ఇంట్లో చేయకండి, దగ్గర్లోనే కన్ను.

డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్ వైప్స్ (క్రిముల్ని చంపే మందున్న తడి గుడ్డలు) రాసిస్తే గడ్డానికి, మెడకి వాడండి. కంటికి తగలనివ్వొద్దు, కంటి పాప మీద ఉండే పారదర్శక పొర, అదే కార్నియా, దెబ్బతింటుంది.

పశువైద్యం_పీలేరు:

పైన రాసినదంతా చక్కగా ఉంది. మా పుస్తకాల్లో ఇంత వివరంగా గిన్నెల గురించి ఉండదు. కార్నియా గురించి చెప్పింది చాలా ముఖ్యం, పర్షియన్ల కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి తొందరగా గాయపడతాయి.

దూది_అమ్మ:

నెల రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ఆసుపత్రిలో చాలా ఓపికగా చూశారు. వుడ్స్ ల్యాంప్‌లో ఏమీ వెలగలేదు, అయినా వెంట్రుకలు కల్చర్‌కి తీసుకున్నారు. గీకి చూస్తే పురుగులు లేవు. గాజు పలక మీద జిడ్డు అద్ది చూసి నన్ను కూడా మైక్రోస్కోపులో చూడమన్నారు, వేరుశెనగ కాయల్లాంటి ఆకారాలు గుంపులు గుంపులుగా, అదే ఈస్టట, వాటి పక్కన చిన్న చిన్న చుక్కలు బ్యాక్టీరియా. ఇన్నాళ్లూ దానికి నిద్ర లేకుండా చేసింది ఇవేనా అని ఏడుపొచ్చింది. మూడు వారాలు ఇట్రాకొనజోల్, యాంటీబయాటిక్, చెవుల్లో చుక్కలు, తుడవడం. స్టెరాయిడ్ ఏమీ ఇవ్వలేదు.

పదో రోజుకి వాసన పోయింది. పద్దెనిమిదో రోజున కోన్ తీసి గంటసేపు చూశాను, రెండుసార్లే గోకింది. పుండు ఎండి చెక్కు కట్టి రాలిపోయింది. కల్చర్ రిపోర్టులో తామర ఫంగస్ పెరగలేదు. ఆ కాగితం మా అత్తమ్మకి చదివి వినిపించాను, ఆవిడ ఏమీ అనలేదు కానీ సాయంత్రం దూది పడుకునే తువ్వాలు తనే ఉతికి ఎండేసింది.

నల్లటి మైనం మాత్రం వస్తూనే ఉంది, ముందంత కాదు, అయినా రోజూ ఉంటోంది. డాక్టర్ గారు మీరన్నదే అన్నారు, పర్షియన్ ముఖ వ్యాధి కావచ్చని. ఇంజెక్షన్ ప్రభావం పూర్తిగా పోయాక, మత్తు ఇచ్చి చిన్న ముక్క తీసి బయాప్సీ చేద్దాం అన్నారు. ముక్కు చప్పిడి పిల్లులకి మత్తులో ఊపిరి కష్టం కాబట్టి తగిన ఏర్పాట్లతోనే చేస్తారట, ఆ ఒక్కటే నాకు టెన్షన్‌గా ఉంది. ఈలోగా కళ్ల కింద కాకుండా గడ్డం మీద, నోటి పక్కన టాక్రోలిమస్ 0.1 శాతం ఆయింట్‌మెంట్ పలచగా రోజుకి రెండుసార్లు రాయమన్నారు, రాశాక ఇరవై నిమిషాలు కోన్. ఇది స్టెరాయిడ్ కాదట, చర్మం పలచబడదట.

అమ్మినతనికి ఫోన్ చేసి క్రాసింగ్ కుదరదని చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. తల్లిపిల్లికి గానీ దీని తోడబుట్టినవాటికి గానీ ముఖం నల్లబడిందా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఒక మగదానికి ఉంది, వాళ్లు వైప్స్‌తో తుడుస్తున్నారు అన్నాడు. వాళ్ల నంబరు అడిగాను, ఇవ్వలేదు. నా నంబరు వాళ్లకి ఇవ్వమన్నాను. ఇస్తాడో లేదో.

మురకంబట్టు_చిత్తూరు:

రిపోర్టు నెగెటివ్ అని చదివి ఊపిరి పీల్చుకున్నాను అక్కా. పాప మళ్లీ దూదిని పక్కన వేసుకుంటోందా?

దూది_అమ్మ:

రిపోర్టు వచ్చిన రాత్రి నుంచే తమ్ముడూ. ఆయింట్‌మెంట్ రాశాక కోన్ తీసేదాకా ఆ ఇరవై నిమిషాలూ గడియారం ముందు కూర్చుని లెక్కపెట్టేది తనే. బయాప్సీ వచ్చే నెల రెండో వారంలో అన్నారు, రిపోర్టు రాగానే ఇక్కడే రాస్తాను. రేణిగుంట చెల్లీ, సైక్లోస్పోరిన్ మొదలుపెట్టాల్సి వస్తే మొదటి వారం వాంతుల గురించి మళ్లీ నిన్నే అడుగుతాను.

మూడు_పిల్లులు_రేణిగుంట:

ఎప్పుడైనా అడగండి అక్కా, రాత్రిళ్లైనా సరే. స్టీలు పళ్లెం కొన్నారా?

దూది_అమ్మ:

కొన్నాను. గడ్డం తడవడం లేదు.